యమగండం రికార్డుకు మరమ్మతులు

ఒక పాత రికార్డును చెడగొట్టాలంటే ఎండలో పెట్టవచ్చు, వానలో పెట్టవచ్చు, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ చేతికివ్వవచ్చు. ఇవన్నీ నిదానంగా సాగే పద్ధతులు. త్వరగా, శాస్త్రీయంగా, అధికారుల సంతకాలతో సహా చెడగొట్టాలంటే మాత్రం దాన్ని పరిరక్షణకు అప్పగించాలి. ఈ సంగతి విశాఖపట్నంలో డ్రైవింగ్ స్కూలు నడుపుకునే గొర్లె పైడిరాజుకు, పాపం, అరవయ్యో పడిలో పడబోతుండగా తెలిసింది.

పైడిరాజు పగలంతా కారులో ఎడమ పక్క సీట్లో కూర్చుని, కాలు బ్రేకు మీద పెట్టి, "మెల్లగా బాబూ, మెల్లగా" అంటూ ఉంటాడు. అదే మనిషి 1988లో డాబా గార్డెన్స్‌లోని ఒక చిన్న స్టూడియోలో గిటారు వాయిస్తే ఆ వేగానికి కిటికీ అద్దం బీటలు వారిందంటారు. అనేది అతనే. స్టూడియో యజమాని మాత్రం ఆ బీట అంతకు ముందునుంచే ఉందనేవాడు.

అప్పట్లో వాళ్ళు నలుగురు. రేవులో దిగిన ఎవరో విదేశీ నావికుడు మరిచిపోయిన క్యాసెట్టు ఒకటి వాళ్ళ చేతిలో పడింది. అందులో ఉన్నది ఎక్స్‌ట్రీమ్ మెటల్ అనే సంగీతం. గిటారు రంపంలా కొయ్యాలి, డ్రమ్ములు తరుముకొస్తున్నట్టుండాలి, పాడేవాడు పాడకూడదు, గర్జించాలి. అది విని నలుగురికీ పిచ్చెక్కి "కుంభీపాకం" అని పేరు పెట్టుకుని బృందం కట్టేశారు. గిటారుకు పెట్టుకోవలసిన పెద్ద స్పీకర్లు కొనే తాహతు లేక పెళ్ళిళ్ళకు పెట్టే మైకు సెట్టులోని కోలాంబీ బూరకు వైరు తగిలించారు. పాటలకు పేర్లు తోచకపోతే గోడ మీది క్యాలెండరు చూసి రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం అని పెట్టారు. మొత్తానికి "యమగండం" అని పేరు పెట్టి రికార్డు చేసి, కొన్ని క్యాసెట్లు తీసి అమ్మకానికి ఇచ్చారు. అవి అమ్ముడుపోక దుకాణదారుడు వాటి మీద భజనలు ఎక్కించి అమ్ముకున్నాడు. ఊళ్ళో కొన్ని ఇళ్ళలో ఆ భజనలు అయిపోయాక చివర్న ఒక గావుకేక వినిపిస్తుందని ఇప్పటికీ చెప్పుకుంటారు. భక్తులు దాన్ని మహిమ కిందే జమ కట్టారు.

మిగిలిందల్లా అసలు టేపు ఒక్కటి. పెద్ద చక్రానికి చుట్టిన ఆ టేపు పైడిరాజు బీరువాలో ఉండిపోయింది. డ్రమ్ములు వాయించిన జోసెఫ్ ఓడెక్కి ఎటో వెళ్ళిపోయాడు. గర్జించిన సోమినాయుడు పోయిన ఏడాది గుండె ఆగి చనిపోయాడు. అతని గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్ళి వీడియోలో కూడా మనిషి నవ్వుతూ కనిపిస్తాడే గాని నోరు విప్పడు. పెద్దకర్మ నాడు అతని భార్య వరహాలమ్మ పైడిరాజును పక్కకు పిలిచింది.

"మరిదిగారూ, పెళ్ళికి ముందు ఆయన మీతోటి ఏదో పాడీవోరట కదా. అదొక్కపాలి ఇనాలనుంది నాకు."

"ఇనిపిత్తాను వదినా," అని పైడిరాజు అన్నాడు. అన్నాడే కాని, ఆ టేపు ఆడించే యంత్రం ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. సరిగ్గా అప్పుడే రాష్ట్ర ధ్వని వారసత్వ పరిరక్షణ మండలి పుట్టింది. పాత రికార్డులు ఇస్తే పదిలంగా దాచి, సభ పెట్టి అందరికీ వినిపిస్తామని ప్రకటించింది. పైడిరాజు ఎగిరి గంతేసి, టేపును తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

మండలి గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది పుట్టడమైతే పుట్టింది గాని, నిబంధనలు రాసుకునే తీరిక దానికి లేకపోయింది. పాత కోటల రక్షణ కోసం ఎప్పుడో రాసిన నిబంధనల పుస్తకం ఒకటి ఎదురుగా కనిపిస్తే, అందులో "కోట" అని ఉన్నచోటల్లా "రికార్డు" అని దిద్ది అచ్చు వేయించుకున్నారు. పని చాలా సులువుగా అయిపోయిందని అందరూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. రికార్డు చుట్టూ మేకలను మేపరాదని కూడా అందులో ఉంది. ఇప్పటివరకూ ఎవరూ మేపలేదు.

నెల తిరక్కుండా పైడిరాజును పిలిపించారు. గదిలో ముగ్గురున్నారు. నడుమ డైరెక్టరు చామర్తి విశ్వపతి గారు. మాట్లాడే ముందు కళ్ళజోడు తీసి, మాట్లాడాక పెట్టుకుంటారు. ఆయనకు కుడివైపు సూపరింటెండెంటు కల్పవల్లి. నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎడమవైపు, మండలి నియమించిన సంగీత విమర్శకురాలు ఇందుమతి. ముప్పయ్యేళ్ళుంటాయి. టేపును మండలి యంత్రం మీద పెట్టి విన్నది ఆమె ఒక్కతే. పైడిరాజును చూడగానే లేచి నిలబడి, "వర్జ్యంలో ఆ గిటారు మీరేనాండీ?" అని అడిగింది. పైడిరాజుకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆమె తన నివేదిక చదివింది. "ముందు బలాలు. రాహుకాలం పాటలో గిటారు వరస కేవలం మూడు స్వరాలే, కాని కిందికి దిగి అక్కడే మొండికేసి కూర్చుంటుంది, ఒకసారి వింటే వదలదు. వర్జ్యంలో అంత పరుగూ ఉన్నట్టుండి ఆగి, బరువుగా, నెమ్మదిగా అడుగులు పడతాయి. ఈ రికార్డు మొత్తంలో గొప్ప ఘట్టం అదే. డ్రమ్ములు పల్లంలో బ్రేకులు లేని లారీలా వస్తాయి, కాని బోల్తా పడవు. ఆ గొంతులో మాట అర్థం కాకముందే భయం అర్థమవుతుంది. కోలాంబీ గరగర వల్ల గిటారుకు ఇంకెక్కడా వినని తుప్పు రంగు వచ్చింది."

పైడిరాజుకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళలో ఆ రికార్డు గురించి ఎవరైనా రెండో వాక్యం మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇక బలహీనతలు. డ్రమ్ములు ప్రతి పాటలోనూ ముందుకు ఉరుకుతాయి, గిటారు వెనకబడి పరిగెత్తుకుంటూ వచ్చి కలుసుకుంటుంది. మాటలు ఒక్కటీ తెలియవు. వరసగా నాలుగు పాటలు ఒకే వేగంలో ఉండి చెవి అలిసిపోతుంది. బేస్ గిటారు అసలు వినపడదు. చివరి పాట ముగియదు, టేపు అయిపోయింది కాబట్టి ఆగిపోతుంది. దుర్ముహూర్తంలో గిటారు ఒంటరిగా వాయించే భాగం శ్రుతి తప్పింది, పైగా మరీ పొడుగు."

"మిగతాయన్నీ నిజమేనండి," అన్నాడు పైడిరాజు. "ఆ ఆకర్ది మాత్రం ఇంకోపాలి ఇని సూడండి."

అందరూ నవ్వారు. కల్పవల్లి మాత్రం నవ్వలేదు. పుస్తకం తెరిచింది.

"రికార్డునందు బలహీనముగా నున్న భాగములను గుర్తించి, తొలగించి, వాటి స్థానే పటిష్ఠమైన నూతన భాగములను నిర్మించిన పిమ్మట మాత్రమే రక్షిత రికార్డుగా ప్రకటించవలెను," అని చదివి, "ఇందుమతి గారు ఆరు బలహీనతలు గుర్తించారు సార్. మరమ్మతు చేయవలసి ఉంటుంది," అంది.

ఇందుమతి ముఖం పాలిపోయింది. "అవి విమర్శండీ, మరమ్మతుకు కాదు. పాతికేళ్ళు నిండని కుర్రాళ్ళు..."

"విమర్శ అనే మాట పుస్తకంలో లేదమ్మా," అంది కల్పవల్లి, నిజంగానే జాలిపడుతూ.

డైరెక్టరు కళ్ళజోడు తీశారు. "లోపరహితమైన వారసత్వాన్ని భావితరాలకు అందించుటయే మండలి ధ్యేయం. సత్వర చర్యలు గైకొనవలసిందిగా ఆదేశిస్తున్నాను." కళ్ళజోడు పెట్టుకున్నారు.

పైడిరాజు ఒక అడుగు ముందుకు వేశాడు. "మరమ్మతేటండీ? అందులో మావోడి గొంతుంది. కావాలంతే కాపీ తీసుకుని దాని మీద సేసుకోండి. అసల్దాన్ని ముట్టుకోవద్దు."

"రికార్డుకు నకలు నిర్మించుట నిషిద్ధం," అంది కల్పవల్లి. పుట తిప్పాల్సిన అవసరం కూడా రాలేదు.

"పోనీ, నా టేపు నాకిచ్చీండి."

"రికార్డులో గల రాయి ఏదియు ఆవరణ దాటరాదు."

పైడిరాజు ఇంటికి ఎలా చేరాడో అతనికే తెలియదు. దారిలో వరహాలమ్మ ఎదురై, "ఎప్పుడు ఎయ్యిత్తారట మరిదిగారూ?" అని అడిగితే, "మంచిరోజు సూత్తన్నారు వదినా," అని తప్పించుకున్నాడు.

మరమ్మతులు జోరుగా మొదలయ్యాయి. మండలి పద్ధతి ప్రకారం ముందు కొత్త భాగాలను విడిగా తయారుచేసి పెట్టుకోవాలి. అవి తనిఖీలో నెగ్గాక, అసలు టేపులో బలహీనమైన చోట్లు చెరిపేసి, కొత్తవి అతికించాలి. కోట గోడకు రాళ్ళు ముందే చెక్కి పెట్టుకుంటారు కదా, అలాగన్నమాట.

మొదట బేస్ గిటారు సంగతి తేల్చుకోవాలనుకున్నారు. ఆ రోజుల్లో బేస్ వాయించినవాడు కాళ్ళ ఈశ్వర్రావు. బ్యాంకు మేనేజరుగా రిటైరై, పొద్దున్నే బీచి రోడ్డు మీద చేతులు ఊపుకుంటూ నడిచే పెద్దమనిషి. అతనికి మండలి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. అతను కంగారుపడి పరుగెత్తుకొచ్చాడు.

"వినపడకపోడానికి అసలు నేనక్కడ లేనేలేనండి! ఆరోజు నాకు బ్యాంకు పరీక్ష," అన్నాడు.

"అనగా విధులకు గైరుహాజరు," అని కల్పవల్లి రాసుకుంది. "సెలవు చీటీ ఇచ్చారా?"

"ఎవరికిస్తానమ్మా? సోమిగాడికా? నేను పరీక్షకెళ్తూ చూస్తే ఆడు గోడ మీద కూర్చుని చెరుకు నములుతున్నాడు."

వివరణ సంతృప్తికరంగా లేదని అతని పేర హెచ్చరిక నమోదు చేశారు. ముప్పయ్యేళ్ళు బ్యాంకులో ఒక్క మచ్చ లేకుండా పనిచేసిన ఈశ్వర్రావుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. బేస్ వాయించడానికి ఒక పెళ్ళి బ్యాండు నుంచి మనిషిని తెచ్చారు. అతను చాలా స్పష్టంగా వాయించాడు.

డ్రమ్ముల కోసం వేగ నియంత్రణ ఉపసంఘం వేశారు. డ్రైవింగ్ స్కూలు యజమాని కాబట్టి పైడిరాజునే అందులో నిపుణుడిగా నియమించారు. "పట్టణ పరిధిలో ఏ వేగం అనుమతించదగినదో తమరే సెలవియ్యాలి," అని డైరెక్టరు ఆదరంగా అడిగారు. పైడిరాజుకు ఒళ్ళు మండిపోయింది. "నాకాడ నేర్చుకున్నోళ్ళు కూడా ఆ డ్రమ్ముల్లాగే పోవాలండి, తెలిసిందా?" అని లేచి వచ్చేశాడు. నిపుణుడు వేగానికి అనుకూలమని రాసుకుని, ఆయన అభిప్రాయాన్ని పక్కన పెట్టి, కవాతు బృందంలో పనిచేసిన డ్రమ్మరు చేత వాయింపించారు. అతను లెఫ్ట్ రైట్ తప్పలేదు.

మాటల కోసం వార్తలు చదివి రిటైరైన ఒక పెద్దాయనను పట్టుకొచ్చారు. సోమినాయుడు గర్జించిన పాటలు కాగితం మీద పెట్టి ఇస్తే ఆయన గొంతు సవరించుకుని, "నరకం వాకిట నిలిచాను. నెత్తుటి మబ్బులు చూశాను," అని చదివారు. తుపాను తీరం దాటిందని చెప్పినప్పటి నిబ్బరమే అందులోనూ ఉంది. చివర్లో అలవాటుకొద్దీ నమస్కారం కూడా పెట్టారు. చివరి పాటకు ముగింపు లేదన్న లోపం దాంతో తీరిపోయిందని మండలి సంతోషించింది.

అన్నిటికీ మించిన దెబ్బ గిటారుది. దుర్ముహూర్తంలో పైడిరాజు ఒంటరి వాయింపును ఒక వీణ మాస్టారి చేత, శ్రుతి శుద్ధంగా, మూడో వంతు నిడివిలో వాయింపించారు. అది చాలా బాగుంది. పైడిరాజు దాన్ని తలుపు చాటునుంచి విని, బాగుందని ఒప్పుకోలేక, బాగులేదని అనలేక, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పటిష్ఠత తనిఖీ రోజు వచ్చింది. పైడిరాజు వెళ్ళకూడదనుకున్నాడు. కాని వరహాలమ్మ గుర్తొచ్చి వెళ్ళాడు. బల్ల మీద ఒకవైపు ప్రతి పాటనూ కొత్త భాగాలతోనే కట్టి చేసిన రికార్డు, రెండోవైపు అసలు టేపు. పక్కన తెల్లకోటు తొడుక్కున్న టెక్నీషియన్ చెరిపే మీట మీద వేలు పెట్టుకుని, అధికారులు తలూపడమే తరువాయిగా కూర్చున్నాడు.

కొత్త రికార్డు వేశారు. డ్రమ్ములు కవాతు చేశాయి. బేస్ వినపడింది. వేగం చెవికి హాయిగా ఉంది. నెత్తుటి మబ్బులు మన రాష్ట్రంలోనివి కావేమోనన్నంత ప్రశాంతంగా మాటలు తెలిశాయి. వింటున్న డైరెక్టరు తృప్తిగా కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి అవి వాటంతట అవే మూతలు పడిపోయాయి.

పాట అయిపోయాక కల్పవల్లి అడిగింది. "ఇందుమతి గారూ, బలహీనతలు?"

"ఒక్కటీ లేదండి," అంది ఇందుమతి. గొంతులో జీవం లేదు.

కల్పవల్లి టెక్నీషియన్ వైపు చూసి తలూపింది. వేలు కదలబోయింది.

"ఆగండి!" పైడిరాజు అరుపుకి డైరెక్టరు ఉలిక్కిపడి లేచారు. "నేనిచ్చినప్పుడు ఇందులో ఐదు బలాలున్నాయన్నారు. ఆ అమ్మాయి సదివింది, మీరంతా ఇన్నారు. అవెక్కడున్నాయి? అవి సూపించి ఆ పైన సెరుపుకోండి."

కల్పవల్లికి అది న్యాయమైన ప్రశ్న అనిపించింది. ఆమెలో ఉన్న గొప్పతనం అదే, ఎవరి నోటి నుంచి వచ్చినా నిబంధన నిబంధనే. "ఇందుమతి గారూ, బలములు చదవండి."

ఇందుమతి తన నివేదిక తీసి ఒక్కో బలం మీదా వేలు పెట్టి చూసుకుంది. "అవీ లేవండి. ఒక్కటీ లేదు," అంది. ఈసారి ఆమె గొంతులోకి ఎక్కడ లేని ఉత్సాహమూ వచ్చేసింది.

కల్పవల్లి పుస్తకం తిరగేసి, ఒకచోట ఆగి, డైరెక్టరు వంక చూసింది. "సార్. నమోదైన బలములు తనిఖీ వేళ కనబడనిచో, వాటిని అపహరించబడిన రాళ్ళుగా పరిగణించి, సంరక్షణాధికారి నుండి రాబట్టవలెను."

"సంరక్షణాధికారి ఎవరు?" అన్నారు డైరెక్టరు.

"తమరే సార్."

డైరెక్టరు గారి పైప్రాణాలు పైనే పోయాయి. కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "ఐదు బలాలు నేనెక్కడికి తీసుకుపోతానయ్యా! ఇంటికి తీసుకుపోయానా? వెతికించండి!" నిజంగానే బల్ల కింద ఒకసారి చూశారు కూడా.

ఇందుమతి అసలు టేపును యంత్రానికి ఎక్కించింది. "ఇక్కడున్నాయి సార్. వినండి." మీట నొక్కింది.

గోడలు దద్దరిల్లాయి. డ్రమ్ములు ఉరికాయి, గిటారు వెనకబడి రొప్పుతూ వచ్చి కలుసుకుంది, సోమినాయుడు గర్జించాడు. డైరెక్టరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. నిద్ర మాత్రం ఆయన చుట్టుపక్కల ఎక్కడా లేదు.

"డ్రమ్ములు ఉరకబట్టే ఆ పరుగు. మాట తెలియకపోబట్టే ఆ భయం. నాలుగు పాటలు అలిసిపోయేలా తరిమారు కాబట్టే వర్జ్యంలో ఆ నెమ్మది అంత బరువుగా దిగింది. బలాలన్నీ ఆ బలహీనతల మీదే నిలబడి ఉన్నాయి సార్," అంది ఇందుమతి.

డైరెక్టరు ముఖం వెలిగింది. మునిగిపోయేవాడికి గట్టు తగిలింది. "నిలబడి ఉన్నాయా? అనగా అవి పునాదులు! కల్పవల్లి గారూ, పునాదుల గురించి ఏమున్నది?"

"పునాదులను ఎట్టి పరిస్థితులలోను తాకరాదు సార్."

"తాకరాదు!" అని డైరెక్టరు బల్ల గుద్దారు. టెక్నీషియన్ వేలు తీసి జేబులో పెట్టుకున్నాడు. పైడిరాజు అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడి, మంచినీళ్ళు ఇమ్మన్నాడు.

ఆ రోజునుంచి మండలి బలహీనతల పరిరక్షణకు నడుం కట్టింది. సగం సగం పనులు వాళ్ళకు చేతకావు. కవాతు డ్రమ్మరును, వార్తల పెద్దాయనను, వీణ మాస్టారిని ఆవరణలోకి రానివ్వకూడదని ఉత్తర్వులిచ్చారు. కాళ్ళ ఈశ్వర్రావు గైరుహాజరు రక్షిత గైరుహాజరు అయింది. అతని మీది హెచ్చరిక రద్దు చేసి, ప్రశంసాపత్రం పంపి, అది అందుకోవడానికి రావద్దని కింద రాశారు. టేపు ఉన్న గది బయట కాపలా పెట్టి, "శ్రుతి చేయరాదు" అని బోర్డు కట్టారు.

ఆవిష్కరణ సభ మండలి హాల్లోనే జరిగింది. ముందు వరసలో వరహాలమ్మ కొత్త చీర కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన పైడిరాజు. ఈశ్వర్రావు ఆహ్వానం లేకపోయినా వచ్చేశాడు. "తమరు లోపలికొస్తే రికార్డు పాడైపోద్దండి," అని కాపలావాడు చేతులు జోడించి ఆపేస్తే, కిటికీ అవతల అరుగు మీద సర్దుకున్నాడు. డైరెక్టరు గారు, "ఈ రికార్డులోని లోపములను కాపాడుటలో మా మండలి ఏ లోపమూ రానివ్వలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను," అని ఉపన్యాసం ముగించి, రెండు చెవుల్లోనూ దూది పెట్టుకున్నారు. కల్పవల్లి వెళ్ళి యంత్రం నడిపించింది.

రాహుకాలం మొదలైంది. వెనక వరసల్లో కాలేజీ పిల్లలు తలలు ఊపడం మొదలుపెట్టారు. వర్జ్యంలో ఆ నెమ్మది వచ్చినప్పుడు హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. దుర్ముహూర్తంలో తన ఒంటరి వాయింపు వింటూ పైడిరాజు మొదటిసారిగా లోలోపల, "నిజిమే, పొడుగే," అనుకున్నాడు. అన్నిటి మీదా సోమినాయుడి గొంతు, ఇరవై రెండేళ్ళ గొంతు, కొండ విరిగిపడినట్టు వచ్చి మీద పడుతూనే ఉంది. పైడిరాజు పక్కనున్న వరహాలమ్మ వైపు చూడటానికి భయపడ్డాడు. ఆవిడ ఏడుస్తుందేమో, లేకపోతే లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాడు.

టేపు అయిపోయి పాట ఠక్కున ఆగింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వరహాలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు కదులుతున్నాయి. చెంగు తీశాక చూస్తే, ఆవిడ కళ్ళనీళ్ళ పర్యంతం నవ్వుతోంది.

"ఓలమ్మా, ఇలాగరిసీవోడా! ఇన్నేళ్ళు కాపరం సేసినాను, నా మీద ఒక్కనాడు గొంతెత్తనేదు మరిదిగారూ. కూరలో ఉప్పెక్కువైనా కిమ్మననేదు. ఇదంతా యేటి, ఎక్కడ దాసుకున్నాడు?"

"ఇక్కడే దాసీసుకున్నాడు వదినా," అన్నాడు పైడిరాజు.

వరహాలమ్మ కళ్ళు తుడుచుకుని వేదిక వైపు తిరిగింది. "ఓ తల్లీ, మళ్ళీ ఎయ్యమ్మా. ఈపాలి కూసింత గట్టిగెట్టు."

కల్పవల్లి పుస్తకం తెరిచింది. రికార్డును ఒకే రోజున రెండవ పర్యాయము దర్శింపజేయుట గురించి వెతికింది. ముందు పుటలు చూసింది, వెనక పుటలు చూసింది, మేకల దగ్గర కూడా చూసింది. ఏమీ దొరకలేదు. దొరికేదాకా ఆగాల్సిందేనని హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. కల్పవల్లి పుస్తకం మూసి కుర్చీలో పెట్టేసి, లేచి వెళ్ళి, టేపు మొదటికి చుట్టి, శబ్దం మీటను చివరికంటా తిప్పేసింది.